తెర అనుసరణలపై ప్రేక్షక విమర్శ: ప్రాశ్నిక భావన వెలుగులో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

సాహిత్యకృతులు తెరకెక్కినప్పుడు, ధారావాహికలు ఏళ్ల తరబడి సాగినప్పుడు, సామాన్య ప్రేక్షకులు వాటిని అంతర్జాలంలో నిత్యం చర్చిస్తున్నారు. ఈ చర్చను కాలక్షేపంగా తోసిపుచ్చడం విశ్వవిద్యాలయ విమర్శలో పరిపాటి. భరతుని నాట్యశాస్త్రంలోని ప్రాశ్నిక భావన ఆధారంగా దీన్ని విమర్శగా గుర్తించవచ్చునని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 'కన్యాశుల్కం', 'మిథునం', 'పలాస 1978', 'కార్తీకదీపం', 'అమృతం' ఉదాహరణలుగా మూలవిధేయత, భాష, సంభావ్యత, నటన అనే నాలుగు అంశాలను పరిశీలిస్తుంది. ఈ విమర్శకున్న దోషాలను, దీన్ని పరిశోధనకు స్వీకరించే పద్ధతిని కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: ప్రేక్షక విమర్శ, ప్రాశ్నికుడు, అనుసరణ, కన్యాశుల్కం, ఉత్తరాంధ్ర మాండలికం, ధారావాహిక.

1. ఉపోద్ఘాతం

'కన్యాశుల్కం' పాఠం చెబుతున్న ఒక రోజున ఒక విద్యార్థిని లేచి, "సార్, మధురవాణి శ్రీశ్రీ పాట ఎలా పాడుతుంది?" అని అడిగింది. ఆమె నాటకాన్ని అప్పటికింకా పూర్తిగా చదవలేదు. 1955లో పి. పుల్లయ్య దర్శకత్వంలో వచ్చిన చలనచిత్రాన్ని మాత్రం చరవాణిలో చూసింది. అందులో సావిత్రి ధరించిన మధురవాణి పాత్రకు శ్రీశ్రీ 'అద్వైతం' గీతాన్ని వాడుకున్నారు. గురజాడ తన నాటకాన్ని సమూలంగా పెంచి రెండవ కూర్పుగా వెలువరించినది 1909లో. శ్రీశ్రీ పుట్టినది 1910లో. విద్యార్థిని ఈ సంవత్సరాలు చెప్పలేదు గానీ, ఆమె ప్రశ్నకు ఆధారం అదే.

సినిమాలో పాటకు కాలంతో పని లేదని అప్పటికి ఏదో సమాధానం చెప్పాను. ఆ సమాధానం నాకే తృప్తినివ్వలేదు. ఆ ప్రశ్న ఆమె సొంతమూ కాదు. ఆ చిత్రాన్ని చూసినవారు అంతర్జాలంలో జరిపిన ఒక చర్చలో చదివానని తరువాత చెప్పింది. అక్కడ ఒకరు ఆక్షేపించారు, మరొకరు సమర్థించారు, ఇంకొకరు నాటకం తీసి చూడమన్నారు. మన విమర్శ పాఠ్యప్రణాళికలో అలంకారశాస్త్రం ఉంది, మార్క్సిస్టు, స్త్రీవాద, దళితవాద విమర్శలున్నాయి. ఈ ముగ్గురి మాటలను మాత్రం ఎక్కడ పెట్టాలో మనకు తెలియదు. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ తెలియకపోవడమే.

2. ప్రాశ్నికుడు: పాత భావన, నేటి అవసరం

ప్రేక్షకుని గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు మనం సాధారణంగా 'సహృదయుడు' అన్న పదాన్ని ఆశ్రయిస్తాం. సహృదయుడు రసాన్ని అనుభవిస్తాడు. కానీ ప్రదర్శన బాగుందా లేదా అని తీర్పు చెప్పేవారికి భరతుడు వేరే పేరు పెట్టాడు. నాట్యశాస్త్రం ఇరవై ఏడవ అధ్యాయంలో ప్రదర్శనసిద్ధిని వివరిస్తూ ప్రాశ్నికులను పేర్కొన్నాడు. యజ్ఞవేత్త, నర్తకుడు, ఛందోవేత్త, శబ్దవేత్త, రాజు, ధనుర్విద్య తెలిసినవాడు, చిత్రకారుడు, వేశ్య, గాయకుడు, రాజసేవకుడు ఆ జాబితాలో ఉన్నారు. యజ్ఞం అభినయించినప్పుడు యజ్ఞవేత్త మాట ప్రమాణం. ఆయుధప్రయోగం వచ్చినప్పుడు ధనుర్విద్య తెలిసినవాని మాట ప్రమాణం. శృంగారోపచారాల విషయంలో వేశ్య మాటకు విలువ.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. మొదటిది, తీర్పు చెప్పే అధికారం పాండిత్యం వల్ల మాత్రమే రాలేదు. ఆయా విషయాలతో జీవితంలో ఉన్న పరిచయం వల్ల కూడా వచ్చింది. రెండవది, ఏ ఒక్కరికీ సమగ్రాధికారం లేదు. ఉత్తమ ప్రేక్షకుని లక్షణాలను వరుసగా చెప్పిన భరతుడే, ఆ గుణాలన్నీ ఒక్కనిలో దొరకవని కూడా ఒప్పుకున్నాడు. వయస్సును, వృత్తిని, స్వభావాన్ని బట్టి అభిరుచులు వేరవుతాయని చెప్పాడు.

పొందూరుకు దగ్గరగా ఒక ఉదాహరణ చెప్పవచ్చు. ఇక్కడ కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి, గింజ తీసి, దూది చేసి, ఏకులు చుట్టి, ఆ తరువాతే స్త్రీలు రాట్నం మీద సన్ననూలు వడుకుతారు. తెర మీద ఒక పాత్ర నేరుగా రాట్నం ముందు కూర్చుని దారం తీస్తే నగర ప్రేక్షకునికి అది చక్కని దృశ్యం. ఇక్కడి వడుకరికి మాత్రం అందులో సగం పని కనబడదు. "ఏకు చుట్టకుండానే నూలెలా వచ్చింది?" అని ఆమె అంటే, అది దృశ్యవిమర్శే. ఆ సన్నివేశానికి ఆమే ప్రాశ్నికురాలు. ఆమె మాట నమోదయ్యే చోటు ఇంతకాలం లేదు. ఇప్పుడు ఏర్పడింది.

3. మూలవిధేయత: 'కన్యాశుల్కం'

1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1897లో ముద్రితమైన 'కన్యాశుల్కం' ఉత్తరాంధ్ర ప్రేక్షకునికి కేవలం పుస్తకం కాదు, రంగస్థలజ్ఞాపకం కూడా. శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారం నుంచి వచ్చిన జె.వి. సోమయాజులు, జె.వి. రమణమూర్తి సోదరులు దీన్ని దీర్ఘకాలం ప్రదర్శించారు. రామప్పంతులుగా అన్నను, గిరీశంగా తమ్ముణ్ణి చూసినవారు ఈ ప్రాంతంలో ఎందరో ఉన్నారు. కాబట్టి ఇక్కడ తెర గిరీశాన్ని తూచేందుకు పుస్తకంలోని గిరీశంతో పాటు రంగస్థల గిరీశం కూడా కొలబద్ద అవుతాడు. రెండవ కూర్పు నిడివి వల్ల యథాతథ ప్రదర్శన సాధ్యపడక, రంగస్థలం మీద సైతం దీన్ని కుదించే ఆడుతూ వచ్చారు. మూలానికి విధేయత అన్నది మొదటినుంచీ ఎంపికకు సంబంధించిన ప్రశ్నే.

ఈ నేపథ్యంలో ఆ విద్యార్థిని ప్రశ్నను తిరిగి చూడాలి. చిత్రంలో నాటకానికి బయటినుంచి వచ్చిన రచనలు ఉన్నాయి. వాటిలో ఒకటి గురజాడదే అయిన 'పూర్ణమ్మ', మరొకటి శ్రీశ్రీ గీతం. మొదటిదానిపై ఆక్షేపణ వినబడదు. ముసలివానికి కట్టబెట్టిన ఆడపిల్ల కథ నాటకంలోని సమస్యకు చెందినదే. రచయిత ఒకరే, వేదన ఒకటే. రెండవదానిపై ఆక్షేపణ రావడం సహజం. దాన్ని కాలదోషం అనడం తేలిక. కాలదోషం చిన్న తప్పు, క్షమించవచ్చు. అసలు ప్రశ్న మధురవాణి పాత్రస్వభావానికి సంబంధించినది.

నాటకంలో మధురవాణి తన మనస్సును నేరుగా విప్పి చెప్పే సందర్భాలు అరుదు. హాస్యం, చమత్కారం, ఎదుటివారిని మాట్లాడించి తాను గమనించడం ఆమె రీతి. ఆమె మంచితనాన్ని పాఠకుడు చేతల ద్వారా కొద్దికొద్దిగా తెలుసుకుంటాడు. అనురాగాన్ని ఆలపించే గీతం ఆ దాపరికాన్ని తొలగిస్తుంది. చివరికి తెలియవలసిన హృదయం ముందే తెలిసిపోతుంది. మరోవైపు, తెర మీద కథానాయికకు పాట లేకపోతే ఆమెకు అంతరంగమే లేదన్న భావన ఆనాటి ప్రేక్షకునిది. ఆ గీతం సావిత్రి మధురవాణికి నాటకం ఇవ్వని ఏకాంతాన్ని ఇచ్చింది.

ఈ రెండు వాదాలూ తరగతి గదిలో విద్యార్థుల నోటనే వచ్చాయి. నేను వాటికి పరిభాషను మాత్రమే చేర్చాను. ప్రేక్షక విమర్శ మూలవిధేయతను గుడ్డిగా కోరుతుందన్న అభిప్రాయం ఉంది. ఇక్కడ కనబడినది వేరు. ఒక చేర్పును అంగీకరించి మరొక చేర్పును ప్రశ్నించిన ప్రేక్షకుడు అక్షరాలను కాదు, ఔచిత్యాన్ని అడుగుతున్నాడు.

4. భాష: నేల ఒకటి, మాట ఒకటి

శ్రీరమణ కథ ఆధారంగా తనికెళ్ల భరణి తీసిన 'మిథునం' 2012లో విడుదలైంది. ఇదే కథను అంతకుముందే ఎం.టి. వాసుదేవన్ నాయర్ మలయాళంలో 'ఒరు చెరు పుంచిరి'గా 2000లో తెరకెక్కించారు. తెలుగు చిత్రాన్ని శ్రీకాకుళం జిల్లా వావిలవలసలో చిత్రీకరించారు. తెర మీద కనబడేది ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి ధరించిన రెండు పాత్రలే. ఆ ఇల్లు, ఆ దొడ్డి, ఆ చెట్లు మా ప్రాంతానివి. ఆ దంపతుల మాట మాత్రం మాది కాదు. కథ కోస్తా మధ్యభాగపు జీవితం నుంచి పుట్టినది కనుక ఇది చిత్రం చేసిన తప్పని అనలేం. అయినా శ్రీకాకుళం ప్రేక్షకుడు ఆ చిత్రాన్ని చూసేటప్పుడు ఒక ఎడబాటును అనుభవిస్తాడు. తన పెరడు సుందరంగా ఉంది, అందులో తన మాటకు చోటు లేదు. ఇతర ప్రాంతాల విమర్శకునికి ఈ ఎడబాటు కనబడే అవకాశమే తక్కువ.

ఉత్తరాంధ్ర యాస తెర మీద చాలాకాలం పనివారి పాత్రలకూ, హాస్యానికీ పరిమితమైంది. దాన్ని వాడినప్పుడు కూడా 'ఏటి', 'నాను', 'గుంట' వంటి నాలుగైదు మాటలను ప్రతి వాక్యంలో చల్లడం పద్ధతిగా మారింది. పొందూరులో ఒకే మనిషి సంతలో ఒక రకంగా, కచేరీలో ఒక రకంగా, ఇంట్లో తల్లితో మరొక రకంగా మాట్లాడతాడు. కులాన్ని, చదువును, వయస్సును బట్టి, ఒడిశా సరిహద్దుకు ఎంత దూరమన్నదాన్ని బట్టి ఆ మాట మారుతుంది. తెర మీద ఈ తేడాలన్నీ చెరిగిపోయి, యాస అనేది పాత్ర వేసుకున్న వేషంలా మిగులుతుంది. ఈ ప్రాంత ప్రేక్షకులు దీనిపై అంతర్జాలంలో చేసే ఆక్షేపణను ప్రాంతీయాభిమానంగా కొట్టివేయడం సరికాదు. భాషాశాస్త్రం చదవకపోయినా వారు చెబుతున్నది భాషాశాస్త్ర సత్యమే.

కరుణకుమార్ దర్శకత్వంలో 2020లో వచ్చిన 'పలాస 1978' ఈ స్థితిని కొంత మార్చింది. అక్కడ యాస కథానాయకునిది, కోపానిది, దుఃఖానిది. కులపీడన కథావస్తువు కావడం వల్ల ఆ మాటకు నవ్వించవలసిన బాధ్యత తప్పింది. ఆ చిత్రం గురించి మా విద్యార్థులు జరిపిన చర్చలో నేను గమనించిన ఒక విషయం ముఖ్యమైనది. యాస ఉందా లేదా అన్న దగ్గర వారు ఆగలేదు. ఈ మాట పలాసదా, ఆమదాలవలసదా, ఫలానా పదం ఉద్దానంలో అంటారా, మన దగ్గర అంటారా అని వాదించుకున్నారు. తెర ఒక భాషను గౌరవంగా తీసుకుంటే, ప్రేక్షకుని విమర్శ కూడా సూక్ష్మమవుతుంది. ఎగతాళి చేసినచోట మాత్రం అది ఆత్మరక్షణ దగ్గరే నిలిచిపోతుంది.

5. సంభావ్యత: 'కార్తీకదీపం'

మలయాళ 'కరుత్తముత్తు'కు అనుసరణగా స్టార్ మాలో 2017 నుంచి 2023 వరకు ప్రసారమైన 'కార్తీకదీపం' ఇటీవలి తెలుగు ధారావాహికల్లో అత్యధికంగా చర్చకు వచ్చినది. భార్య దీప శీలాన్ని శంకించిన భర్త కార్తీక్ వైద్యుడు. పుట్టిన పిల్లలు తన పిల్లలు కారని ఏళ్ల తరబడి నమ్ముతాడు. ప్రేక్షకులు అడిగిన ప్రశ్న ఒకటే: వైద్యుడై ఉండి డి.ఎన్.ఏ. పరీక్ష ఎందుకు చేయించుకోడు? ఈ ప్రశ్న ఛలోక్తులుగా, చిత్రాలుగా ఎంతగా వ్యాపించిందంటే, ధారావాహిక చూడనివారికి కూడా తెలిసింది.

హాస్యంగా చెప్పినంత మాత్రాన అది విమర్శ కాకుండా పోదు. దీని మూలం మన సాహిత్యంలో చాలా పాతది. మహాభారతంలోని దుష్యంతునికి శకుంతల గుర్తుంది. లోకాపవాదానికి వెరచి గుర్తులేనట్లు నటించాడు. కాళిదాసు ఆ కథను నాటకంగా మలచినప్పుడు దుర్వాసుని శాపాన్ని, ఉంగరాన్ని చేర్చాడు. భర్త భార్యను ఎరగనని అనడానికి ప్రేక్షకుడు అంగీకరించగల కారణాన్ని కల్పించాడు. ఆ కారణం లేకపోతే నాయకుడు దోషి అవుతాడు, లేదా కథ నమ్మరానిది అవుతుంది. డి.ఎన్.ఏ. పరీక్ష గురించి అడిగిన ప్రేక్షకుడు కోరుతున్నది ఆ శాపాన్నే, అంటే ఆలస్యానికి తగిన కారణాన్ని. ధారావాహిక దాన్ని సమకూర్చలేదు. వారంవారం అందే వీక్షణ గణాంకాల మీద ఆధారపడిన రచన సత్యం వెల్లడయ్యే రోజును వాయిదా వేయక తప్పదు. ఇతివృత్తానికి ముగింపు ముందే నిర్ణయమైన కావ్యనాటకాలకూ, ముగింపు మార్కెట్టు చేతిలో ఉన్న ధారావాహికకూ ఉన్న భేదం ఇదే. ప్రేక్షకుల ఛలోక్తి ఈ నిర్మాణదోషాన్ని సరిగ్గా పట్టుకుంది.

ఇదే ధారావాహిక మరొక తీవ్రమైన ప్రశ్నను లేవనెత్తింది. దీప నల్లగా ఉన్నందుకు అవమానాలు పడుతుంది. ఆ వివక్షను ఖండించడం కథ ఉద్దేశం. అయితే ఆ పాత్ర ధరించిన ప్రేమీ విశ్వనాథ్‌ది తెల్లని ఛాయ. రూపసజ్జతో ఆమెను నల్లగా చూపించారు. నల్లని స్త్రీ కథను చెప్పేందుకు నల్లని నటి ఎందుకు పనికిరాలేదన్న ప్రశ్నను ఏ అలంకారశాస్త్ర గ్రంథమూ అడగదు. పెళ్లిచూపుల్లో ఆ మాట పడ్డ స్త్రీ అడుగుతుంది. ఈ విషయంలో ఆమే ప్రాశ్నికురాలు.

6. నటన: 'అమృతం'

గుణ్ణం గంగరాజు రూపకల్పనలో జెమినీ టీవీలో 2001 నుంచి 2007 వరకు ప్రసారమైన 'అమృతం' భిన్నమైన ఉదాహరణ. ఆ ధారావాహిక యూట్యూబ్‌లో అందుబాటులోకి రావడంతో, చిన్నప్పుడు చూసినవారు పెద్దవారై మళ్లీ చూస్తున్నారు, మళ్లీ మాట్లాడుతున్నారు. అమృతం పాత్రను శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ వేర్వేరు దశల్లో ధరించారు. ఎవరి అమృతం మేలు అన్న వాదం ఇప్పటికీ సాగుతూనే ఉంది. పైకి అభిమాన కలహంలా కనబడినా, అందులో పాత్రకూ నటునికీ గల సంబంధం మీద ఆలోచన ఉంది. ఒకే పాత్రకు ఒకరు అమాయకత్వాన్ని, మరొకరు తొందరపాటును, ఇంకొకరు బేలతనాన్ని ప్రధానం చేశారని ప్రేక్షకులు వివరిస్తారు. రంగస్థల గిరీశాల గురించి విజయనగరంలో జరిగిన చర్చలకూ దీనికీ జాతిభేదం లేదు. పునర్దర్శనానికి వీలు కలగడం వల్ల ఇక్కడ వాదానికి సాక్ష్యం చూపించవచ్చు. రంగస్థల ప్రేక్షకునికి ఆ సౌకర్యం లేదు.

7. ఘాతాలు

ఇంతవరకు చెప్పినది ప్రేక్షక విమర్శలోని మేలైన భాగం. మిగిలినదాన్ని దాచడం న్యాయం కాదు. భరతుడు సిద్ధులతో పాటు ఘాతాలను కూడా చెప్పాడు. వాటిలో పరసముత్థ ఘాతం అంటే అసూయతోనో, వైరంతోనో, పక్షపాతంతోనో ఇతరులు ప్రదర్శనకు కలిగించే విఘాతం. పెద్దగా నవ్వడం, అరవడం, ప్రదర్శకుల మీదికి పేడ, మట్టిబెడ్డలు విసరడం వంటివి ఆయన లెక్కలో ఉన్నాయి. నేడు మట్టిబెడ్డ రూపం మారింది. నటుల కులాన్ని తవ్వడం, ప్రతినాయిక పాత్ర ధరించిన నటిని వ్యక్తిగతంగా దూషించడం, ఒక అభిమానవర్గం మరొక వర్గపు చిత్రాన్ని చూడకుండానే నిందించడం ఆ కోవలోనివే. ప్రాశ్నికునికి అధికారం పరిచయం వల్ల వస్తుందనుకుంటే, చూడని చిత్రం మీద తీర్పుకు ఆ అధికారం లేదు.

మరొక పరిమితి భరతుని ఊహకు అందనిది. ఆనాడు ఘాతం ప్రదర్శనకు నష్టం. ఈనాడు అది లాభం. నిందించినా, పరిహసించినా ఆ పేరు పదిమందికీ చేరుతుంది. 'కార్తీకదీపం' మీది పరిహాసం దాని ప్రాచుర్యాన్ని పెంచిందే గానీ తగ్గించలేదు. దోషాన్ని ఎత్తిచూపడమే దోషానికి ప్రచారమయ్యే వ్యవస్థలో విమర్శ ఏం సాధించగలదన్నది ఈ వ్యాసం తేల్చలేని ప్రశ్న. ఆ ప్రశ్న ముద్రిత విమర్శకు కూడా వర్తిస్తుందని మాత్రం చెప్పగలను.

8. పరిశోధనకు స్వీకరించే పద్ధతి

పరిశోధకులు ఈ సామగ్రిని ఉపయోగించాలనుకున్నప్పుడు నాలుగు జాగ్రత్తలు అవసరం. మొదటిది, తేదీ. ఈ మాటలు ఎప్పుడైనా తొలగిపోవచ్చు కనుక సేకరించిన రోజును, సందర్భాన్ని నమోదు చేయాలి. రెండవది, అనుమతి. మాట బహిరంగమైనదైనా రాసినవారు ప్రముఖులు కారు. వారి పేర్లు, వివరాలు సిద్ధాంతగ్రంథాల్లోకి ఎక్కకూడదు. మూడవది, సంఖ్య మోహం. ఎక్కువమంది మెచ్చిన మాట మంచి విమర్శ కానవసరం లేదు. వడుకరి మాటకు మెచ్చుకోలు ఒక్కటే రావచ్చు.

నాలుగవది అన్నిటికంటే ముఖ్యం. ప్రేక్షకుడు తన యాసలో రాసిన వాక్యాన్ని ప్రమాణభాషలోకి సరిదిద్ది ఉదాహరించకూడదు. వాడుకభాష కోసం నాటకం రాసిన గురజాడ ప్రాంతం మాది. ఆయన తరువాత నూరేళ్లు దాటినా, మా విద్యార్థులు పరీక్షలో ఒక భాష, చర్చలో ఒక భాష రాస్తున్నారు. చర్చలోని భాషలోనే వారి ఆలోచన చురుకుగా ఉంది. దాన్ని దిద్దితే మనం విమర్శను సేకరించినట్లు కాదు, మన అచ్చులో పోసుకున్నట్లు.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలే అంశాలు ఇవి. ప్రేక్షక విమర్శ మూలవిధేయతను మాత్రమే కాక ఔచిత్యాన్ని చర్చిస్తుంది. మాండలికం, వర్ణవివక్ష వంటి విషయాల్లో అది శాస్త్రీయ విమర్శ చూడని చోటును చూస్తుంది. దానికి సమగ్రాధికారం లేదు, పాక్షికాధికారం ఉంది. ఆ పాక్షికతను దోషంగా కాక లక్షణంగా గుర్తించే భావన మన నాట్యశాస్త్రంలోనే ఉంది.

ఆ విద్యార్థిని ఆ తరువాత 'కన్యాశుల్కం' రెండవ కూర్పును పూర్తిగా చదివింది. మధురవాణికి పాట అక్కరలేదని ఆమె ఇప్పుడు అంటోంది. నాకు అంత నిశ్చయం లేదు. మా ఇద్దరి అభిప్రాయభేదం మాత్రం ఇప్పుడు గ్రంథం ఆధారంగా నడుస్తోంది. ఆమెను ఆ గ్రంథం దగ్గరకు నడిపించినది నా పాఠం కాదు, పేరు తెలియని ముగ్గురు ప్రేక్షకుల వాదం.